మన ప్రాంతంలో ఔత్సాహిక ఛాయాగ్రహణం: రాయకోట నుండి మన బడి వరకు

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచిక కొరకు పాత ఛాయాచిత్రాలను సేకరించే బాధ్యతను స్వీకరించినప్పుడు అది సులభమైన పనియే అనుకొన్నాను. కార్యాలయపు బీరువాలోని కట్టలు విప్పి బల్లమీద పరచి చూడగా దాదాపు అన్నీ ఒకే తీరున ఉన్నాయి. నడుమ ప్రధానోపాధ్యాయులు, అటూ ఇటూ కుర్చీలలో ఉపాధ్యాయులు, వెనుక బెంచీలపై నిలిచిన పెద్దపిల్లలు, నేలపై మఠం వేసుకొని కూర్చున్న చిన్నపిల్లలు, వారి ముందు తరగతి, సంవత్సరం వ్రాసిన పలక. డెబ్బది అయిదేండ్లలో పాఠం జరుగుచున్న తరగతి చిత్రం ఒక్కటీ లేదు. చింతచెట్టు క్రింద అన్నం తింటున్న పిల్లలు లేరు. నల్లబల్లపై తెలుగు అక్షరాలు కనబడే చిత్రం కొరకు వెదకి వెదకి ఒక్కదానిని మాత్రం కనుగొన్నాను. దాని సంగతి చివర చెప్పెదను.

ఈ లోటు మన బడికి మాత్రమే పరిమితమైనది కాదు. మన ప్రాంతపు తొలి ఛాయాచిత్రాలలోనే అది ఉన్నది.

హోసూరు నుండి ధర్మపురి పోయే దారిలో రాయకోట కొండను మనమందరం చూచినవారమే. 1791లో, మూడవ మైసూరు యుద్ధంలో, ఆంగ్లేయులు ఆ దుర్గాన్ని టిప్పు సుల్తాను సేనల నుండి పట్టుకొన్నారు. ఆ తరువాత అరువది యేడేండ్లకు, 1858లో, మద్రాసులో ఒక ఛాయాచిత్ర సంపుటం వెలువడింది. దాని పేరే ‘రాయకోట, సేలం జిల్లాలోని ఇతర స్థలాల ఛాయాచిత్ర దృశ్యాలు’. అప్పటికి మన కృష్ణగిరి జిల్లా లేదు. 1965లో ధర్మపురి జిల్లా సేలం నుండి, 2004లో కృష్ణగిరి జిల్లా ధర్మపురి నుండి విడివడ్డాయి. ఆ చిత్రాలు తీసినవాడు లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి. 1822లో ఇంగ్లండులోని డెవన్‌లో పుట్టి, 1839లో మద్రాసు సైన్యంలో చేరినాడు. సెలవుపై స్వదేశానికి పోయినప్పుడు ఛాయాగ్రహణాన్ని వినోదంగా అభ్యసించి, తిరిగివచ్చిన తరువాత 1854 చివర హళేబీడు, బేలూరు ఆలయాలను చిత్రించినాడు. 1855లో మద్రాసులో జరిగిన ప్రదర్శనలో ఆ చిత్రాలకు ప్రథమ శ్రేణి పతకం వచ్చింది. అదే సంవత్సరం బర్మాకు పోయిన రాయబార బృందంతో వెళ్ళి రెండువందలకు పైగా చిత్రాలు తీసినాడు. ఆపై మద్రాసు ప్రభుత్వం అతనిని తన ఛాయాగ్రాహకునిగా నియమించగా, బెంగుళూరులో పనికి ఏర్పాట్లు చేసికొని, 1857 చివర దక్షిణ దిశగా బయలుదేరినాడు.

అతని పనితీరు తెలిసికోదగినది. ఆ కాలంలో గాజుపలకపై తడి మందు పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడిగే పద్ధతి ఒకటి ఉండేది. మన ఎండలకు అది కష్టం. అందుచేత ట్రైప్ మైనం పట్టించిన కాగితాన్ని వాడినాడు. దానిని ముందుగానే సిద్ధపరచుకొని బండిపై తీసికొనిపోవచ్చును. కాని కాగితం మందగొండి. వెలుగును గ్రహించడానికి నిమిషాల సేపు పట్టేది. కొండ కదలదు, కోట కదలదు, మనిషి కదలును. ఎదుట నడచిపోయిన మనిషి చిత్రంలో మచ్చగానైనా మిగలడు. ట్రైప్ చిత్రాలలో వీథులు ఎక్కువగా నిర్మానుష్యంగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. మన ముత్తాతలు ఆ వీథులలో లేక కాదు. నిలువలేక చిత్రానికి అందలేదు.

ఇంకొక విశేషం. ఆ కాగితంపై ఆకాశం మచ్చలు మచ్చలుగా వచ్చేది. ట్రైప్ అట్టి చోట్ల నెగటివుపై రంగుతో తానే మేఘాలు దిద్దేవాడు. దీనిని మోసమనవచ్చునా? నేను అనలేను. అయినా రాయకోట చిత్రం చూచేటప్పుడు మబ్బులు నిజమైనవా అని ఒకసారి పరికించి చూచుట మంచిది. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఈ వ్యయం అనవసరమైన విలాసమని భావించి ఆ పనిని ఆపించినాడు. మరుగుపడిన ట్రైప్ పేరు 2014లో వాషింగ్టన్ నగరంలోని జాతీయ కళా ప్రదర్శనశాలలో జరిగిన ప్రదర్శనతో మరల లోకానికి తెలియవచ్చింది.

ఔత్సాహికులు ఒకచోట చేరి తమ చిత్రాలను ఒకరికొకరు చూపి, గుణదోషాలను విచారించుకొనే సంఘాలు మన దేశంలో ఆ దినాలలోనే పుట్టాయి. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తాలోను, ఆ వెంటనే మద్రాసులోను ఇవి ఏర్పడ్డాయి. మద్రాసు సంఘానికి ముందు నిలిచినవారిలో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ ఒకరు. మద్రాసు చిత్రకళా పాఠశాలను 1850లో స్థాపించినది ఆయనే. సభ్యులలో అధికులు ఆంగ్లేయ అధికారులు, వైద్యులు. అయినా బొంబాయిలో భావూ దాజీ, కలకత్తాలో రాజేంద్రలాల్ మిత్రా వంటి భారతీయులకు ప్రవేశం లభించింది. మిత్రా గారి కథ మాత్రం చేదుగా ముగిసింది. 1857లో నీలిమందు తోటల యజమానుల ఆగడాలను ఒక బహిరంగ సభలో ఖండించినందుకు ఆయనను ఛాయాగ్రాహక సంఘం నుండి తొలగించినారు. చిత్రంలోని దోషాన్ని చెప్పేవానికి చోటుండి, సమాజంలోని దోషాన్ని చెప్పేవానికి చోటులేకపోయిన సంఘమది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. ఇందూరులో ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ 1870లలో సరదాకై కెమెరా పట్టిన లాలా దీన్‌దయాళ్ హైదరాబాదు ఆరవ నిజాము కొలువులో రాజా బిరుదు పొందినారు. 1888లో వచ్చిన కోడక్ కెమెరాతో మందులు కలుపుకొనే శ్రమ తప్పి సామాన్యుడు కూడ చిత్రం తీయగలవాడైనాడు. మన దేశంలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరా మధ్యతరగతి ఇండ్లలోకి వచ్చింది. ఉదకమండలంలో 1960లో స్థాపింపబడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము కొంతకాలం అందరికీ అందుబాటులో ఉండేది. ఆ కర్మాగారం నేడు లేదు.

మా నాన్నగారి చేతికి వచ్చినది ఆ ఆగ్ఫా క్లిక్ త్రీయే. ఆయన తెలుగు పండితులు. ఒక చుట్టకు పన్నెండే చిత్రాలు. పండుగకు రెండు, పెండ్లికి నాలుగు అని లెక్క చూచుకొని వాడవలసి వచ్చేది. అప్పటికి సిప్కాట్ వచ్చి హోసూరు రూపు మారుతున్నది. ఆదివారం సాయంత్రాలు, నేను ఆరవ తరగతి చదివే రోజులలో, ఒక స్టూడియో వెనుకగదిలో అయిదారుగురు కూడేవారు: మా నాన్నగారు, ఒక కర్మాగారపు ఫిట్టరు, ఒక తపాలా ఉద్యోగి, మత్తిగిరి పశువుల ఫారంలో పనిచేసే ఒకాయన, స్టూడియో యజమాని. పోస్టుకార్డు సైజు చిత్రాలను పేరు లేకుండా బల్లపై పరచేవారు. ఎవరిదో తెలియకుండా మొదట దోషం చెప్పాలి, పిదప గుణం. తెలుగులో మొదలైన మాట తమిళంలో సాగి కన్నడంలో ముగిసేది. నాకు టీ గ్లాసులు అందించే పని.

ఒకసారి నాన్నగారు మా అవ్వ రాగులు విసురుతున్న చిత్రం పెట్టినారు. కొత్త చీర, నొసట విభూతి, కెమెరా వైపు చూపు. అందరూ వెలుగు గూర్చి మాట్లాడుతుండగా ఫారం ఆయన అన్నాడు:

“అవ్వ చెయ్యి ఆడబెట్టింది గానీ ఇసుర్రాయి తిరగలా. పిండి యాడుంది? ఇది అవ్వను కూచోబెట్టి తీసింది.”

స్టూడియో ఆయన నవ్వి, “అయ్యవారూ, ఇది మీదేనా?” అన్నారు. నాన్నగారి ముఖం ఎర్రబడింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. నెల గడచిన పిమ్మట, తెల్లవారుజామున అవ్వకు చెప్పకుండా వాకిలి నుండి మరొక చిత్రం తీసినారు. పాత చీర, వంగిన వీపు, రాయి అంచున తెల్లని పిండి, చేయి కొంచెం చెదరి పొగవలె. వెనుక గోడపై మా బాబాయి బొగ్గుతో వ్రాసిన తెలుగు గుణింతం. ఆ చిత్రాన్ని ఆ గదిలో అందరూ మెచ్చుకొన్నారు. ఫారం ఆయన దానిని రెండుసార్లు చేతికి తీసికొని చూచినాడు.

నేను ఇన్నేండ్లుగా తేల్చుకోలేని సంగతి ఇక్కడ ఉన్నది. రెండవ చిత్రమే సత్యం. అందులో ఆమె బ్రతుకు ఉన్నది. కాని అందులో అవ్వ ముఖం కనబడదు. ఆమె ముఖం స్పష్టంగా ఉన్నది ఆ తప్పుల చిత్రంలోనే, అది తప్ప వేరే లేదు. ఆనాటి విమర్శ న్యాయమైనదే. అయినా ఆ మాటకు చిన్నబుచ్చుకొని నాన్నగారు మొదటి చిత్రాన్ని చించివేసి ఉంటే నా పిల్లలకు ముత్తవ్వ ముఖం తెలిసేది కాదు.

ఇప్పుడు ప్రతి చేతిలోను కెమెరా ఉన్నది. రోజుకు వంద చిత్రాలు వచ్చిపడతాయి. అన్నింటికీ ‘బాగుంది’ అనే ఒకే మాట. నేనూ అంతే చేస్తాను, ఒప్పుకొంటున్నాను. దోషం చెప్పేంత చనువు, అది విని మరల తీసేంత ఓపిక అరుదైనాయి. ఇంతలో మన ఊళ్ళ రూపం మారిపోతున్నది. బజారులో తెలుగు బోర్డులు ఒక్కొక్కటిగా తగ్గుతున్నాయి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుండి అంచెలంచెలుగా అమలైన తరువాత మన తెలుగు మాధ్యమ బడుల తీరు కూడ మారింది. ఆ చట్టం మంచిచెడ్డలను ఇక్కడ చర్చింపను. మారకముందు ఎట్లుండేదో చూపే చిత్రం మన దగ్గర లేదన్నదే నా దిగులు.

అందుచేత తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మీ ఇంటి పెట్టెలలో బడికి సంబంధించినవి, ఊరికి సంబంధించినవి, మామిడి మండీ, సంత, చెరువుగట్టు, పెరటి బావి, ఏవైనా ఉంటే తెచ్చి చూపండి. తల తెగినది, మసకబారినది అని సంకోచించవద్దు. ప్రతి తీసికొని మీది మీకు ఇచ్చివేయగలము. తెచ్చే ముందు ఇంటి పెద్దలను అడిగి, వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం వ్రాయండి. బాల్‌పెన్నుతో వ్రాస్తే ఆ గీత ముందువైపుకు పొడుచుకొని వస్తుంది.

మొదట చెప్పిన ఆ ఒక్క చిత్రం కార్యాలయంలో నా బల్ల అద్దం క్రింద ఉన్నది. ఏ విద్యార్థి తీసినాడో తెలియదు. వసారాలో వ్రేలాడే పట్టాను కొట్టుటకు కొయ్య సుత్తి ఎత్తిన బాలుడు, కాళ్ళకు చెప్పులు లేవు, ఎడమ చొక్కాచేయి చినిగి ఉన్నది. అతని వెనుక తెరచిన తలుపులోనుండి నల్లబల్ల, దానిపై ‘ఆమ్రేడిత సంధి’ అనే మాట సగం కనిపిస్తున్నవి. సుత్తి మాత్రం చెదరిపోయింది. ఆ బాలుడెవరో గుర్తుపట్టినవారు దయచేసి కార్యాలయంలో తెలియజేయండి.