బస్సు అడిగితే గీత చూపించారు

అమెరికాలో, దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని క్లారెండన్ కౌంటీలో లీవై పియర్సన్ అనే నల్లజాతి రైతు 1948లో కోర్టుకెక్కాడు. ఆయన అడిగింది పిల్లలు బడికి వెళ్ళడానికి ఒక బస్సు. ఇంటికీ సమ్మర్టన్ ఊళ్ళోని హైస్కూలుకీ దాదాపు తొమ్మిది మైళ్ళు. తెల్లవాళ్ళ పిల్లల కోసం ఆ కౌంటీలో 30 బస్సులు తిరుగుతుండేవి. నల్లవాళ్ళ పిల్లలకు ఒక్కటీ లేదు. తల్లిదండ్రులు తలా కాస్త వేసుకుని ఒక పాత బస్సు కొంటే, అది దారిలో మొరాయించని వారం లేదు. దాని పెట్రోలు ఖర్చయినా ఇప్పించండి అంటే స్కూలు బోర్డు కాదు పొమ్మంది.

కేసు విచారణ దాకా కూడా పోలేదు. పియర్సన్ పొలం స్కూలు డిస్ట్రిక్టుల సరిహద్దు మీద పడింది. ఆయన పన్ను కడుతున్నది 5వ నంబరు డిస్ట్రిక్టులో, పిల్లలు చదువుతున్నది 22, 26 నంబర్లలో. పన్ను ఒక చోట కట్టి, బస్సు ఇంకో చోట అడిగే హక్కు నీకు లేదు అని కొట్టేశారు. గట్టు తగాదాలు మనకు కొత్త కాదు గానీ, గట్టు చూపించి పిల్లల బస్సు ఆపడం మనం కూడా విని ఉండం.

ఏమిటీ గీత? అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళు ఇల్లు కొంటున్నామని ఫోన్ చేసినప్పుడు, ధర తర్వాత చెప్పే రెండో మాట ‘స్కూల్ డిస్ట్రిక్ట్ మంచిది’ అని. డిస్ట్రిక్ట్ అన్నారు కదా అని మన జిల్లాను ఊహించుకోకూడదు. కలెక్టరు ఉండడు, తహశీల్దారు ఉండడు. బడుల కోసమే గీసుకున్న హద్దు అది. దానికో బోర్డు, ఆ బోర్డుకు ఎన్నికలు, దాని పేరిట ఒక పన్ను. రోడ్లతో, నీళ్ళతో, పోలీసులతో దానికి సంబంధం లేదు. పట్నాల చుట్టుపక్కల ఇవాళ ఇళ్ళ ధరలు దాన్ని పట్టుకునే నడుస్తాయి. అది పెరిగింది మాత్రం పల్లెల్లో, ఒంటిగది బళ్ళ చుట్టూ.

బడి ఊరి బాధ్యత అన్న మాట అక్కడ పాతదే. 1647లోనే మసాచుసెట్స్ వలసలో ఒక చట్టం చేశారు. 50 గడపలున్న ఊరు చదవడం, రాయడం నేర్పే పంతులును పెట్టుకోవాలి, 100 గడపలున్న ఊరు గ్రామర్ స్కూలు నడపాలి. జనానికి బైబిలు చదవడం రాకపోతే సైతాను మోసం చేస్తాడని ఆ చట్టంలోనే కారణం కూడా రాశారు. 1785లో కొత్త దేశం తన పడమటి భూములను కొలిపించినప్పుడు బడికి మాన్యం కూడా తీసిపెట్టింది. ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్. దాన్ని 640 ఎకరాల చొప్పున 36 ముక్కలు చేసి, 16వ ముక్కను బడి పేరున ఉంచమన్నారు. మన దగ్గర గుడి మాన్యం ఉన్నట్టన్నమాట. అంతకుముందు ఆ నేల అక్కడి తెగలది.

పిల్లలు నడిచి రాగలిగినంత మేర ఒక డిస్ట్రిక్టు. 19వ శతాబ్దంలో చాలా చోట్ల దాని యంత్రాంగమంతా ముగ్గురు ట్రస్టీలే. వాళ్ళూ రైతులే. పంతులమ్మను కుదుర్చుకునేది వాళ్ళే, జీతం బేరమాడేది వాళ్ళే, పొయ్యిలోకి కట్టెలు ఏ ఇంటి నుంచి ఎన్ని రావాలో తేల్చేది వాళ్ళే. జీతంలో కొంత తిండి, బస రూపంలో ముట్టేది. పంతులుగానీ పంతులమ్మగానీ ఒక్కో ఇంట్లో కొన్నాళ్ళు ఉండి, ఆ ఇంటి తిండి తిని, పై ఇంటికి మారాలి. మన పక్క పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకున్న కథలు పెద్దల నోట విన్నాం. అక్కడ వారాలు చేసుకున్నది చదువు చెప్పేవాళ్ళు. ఏ ఇంట్లో పిల్లాణ్ణి రెండు దెబ్బలు వేశారో, ఆ ఇంట్లోనే రాత్రి భోజనానికి కూర్చోవాలి!

ఆ చిన్న గీత లోపలే కొన్ని పెద్ద పనులు కూడా జరిగాయి. 1838లో కెంటకీ రాష్ట్రం పల్లె డిస్ట్రిక్టుల్లో బడి ఈడు పిల్లలున్న వితంతువులకు బడి ఎన్నికల్లో ఓటిచ్చింది. అమెరికా రాజ్యాంగం ఆడవాళ్ళ ఓటును ఒప్పుకోవడానికి ఇంకా 82 ఏళ్ళు ఉంది. 1861లో కాన్సస్ ఏకంగా తన రాష్ట్ర రాజ్యాంగంలోనే బడి ఎన్నికల ఓటు ఆడవాళ్ళకు రాసిచ్చింది.

ఇప్పటికీ చిన్న డిస్ట్రిక్టు నడిచే తీరు పెద్దగా మారలేదు. ఐదుగురో ఏడుగురో సభ్యులను జనం ఎన్నుకుంటారు. చాలా చోట్ల వాళ్ళకు జీతం ఉండదు. నెలకో సాయంత్రం స్కూలు లైబ్రరీలోనో, భోజనాల గదిలోనో కూర్చుంటారు. పోయిన నెల మినిట్స్ చదవడం, తర్వాత బిల్లుల జాబితా. బస్సు టైర్లు, పాలు, హీటరు రిపేరు, డీజిలు. ఎవరికెంత ఇవ్వాలో ఒక్కో పద్దూ పైకి వస్తుంది. జనం మాట్లాడడానికి కొంత సమయం పెడతారు. ఉద్యోగుల సంగతి వస్తే మాత్రం తలుపు వేసుకుంటారు, ఓటు వెయ్యడానికి మళ్ళీ తెరుస్తారు. సమావేశం బహిరంగంగా జరగాలని చట్టం. బోర్డు కుదుర్చుకునే ఉద్యోగి సూపరింటెండెంటు. పెద్ద ఊళ్ళలో ఆయన కింద వేల మంది ఉంటారు. చిన్న డిస్ట్రిక్టులో ఆయనే ప్రిన్సిపాలు కావచ్చు, డ్రైవరు రాని రోజు బస్సు తోలేదీ ఆయనే కావచ్చు.

డబ్బు చాలావరకు ఆస్తిపన్ను, రాష్ట్రం ఇచ్చే సాయం. పన్నును అక్కడ ‘మిల్లు’ల్లో లెక్కగడతారు. వెయ్యి డాలర్ల పన్ను విలువకు ఒక డాలరు ఒక మిల్లు. కొత్త భవనం కట్టాలంటే బాండ్లు అమ్మి అప్పు తేవాలి, దానికి సాధారణంగా జనం ఓటు కావాలి. పిల్లలు పెరిగి పట్నం వెళ్ళిపోయిన ముసలి రైతు, తన భూమి మీద పన్ను పెంచుకోవడానికి తానే ఓటెయ్యాలి. వేసినవాళ్ళూ ఉన్నారు, కొత్త బడి కాగితం మీదే ఆగిపోయిన ఊళ్ళూ ఉన్నాయి.

చిక్కు ఇక్కడే ఉంది. ఒకే మిల్లు వేసినా, బొగ్గు గని ఉన్న డిస్ట్రిక్టుకు వచ్చినంత బీడు భూముల డిస్ట్రిక్టుకు రాదు. కెంటకీలో 66 డిస్ట్రిక్టులు కలిసి దీని మీద రాష్ట్రంపైనే దావా వేశాయి. 1989లో అక్కడి సుప్రీంకోర్టు ఒక్క నిధుల పంపకాన్ని తప్పుపట్టి ఊరుకోలేదు, రాష్ట్రంలోని బడుల వ్యవస్థ మొత్తం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. మరుసటి ఏడాది వచ్చిన సంస్కరణ చట్టంలో డబ్బుతో పాటు ఇంకో అంశం చేరింది: బోర్డు సభ్యుల, సూపరింటెండెంట్ల బంధువులను ఉద్యోగాల్లోకి తీసుకోవడం మీద ఆంక్షలు. తూర్పు కొండ ప్రాంతాల్లో గని మూతపడితే ఊళ్ళో మిగిలే పెద్ద యజమాని బడే. వంటమనిషి దగ్గర్నుంచి పంతులు దాకా ఎవరి చుట్టం ఎవరో అందరికీ తెలిసిన చోట, ఆ ఆంక్ష ఎందుకు పుట్టిందో తెలుగు పాఠకుడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ చిన్న గీతలు చెరిపెయ్యాలని చదువుకున్న పెద్దలు 20వ శతాబ్దం మొదటి నుంచీ పట్టుబట్టారు. 1939–40లో దేశం మొత్తం మీద 1,17,108 డిస్ట్రిక్టులు ఉండేవి. ఇప్పుడు సుమారు 13 వేలు. రోడ్లు పడ్డాయి, బస్సులు వచ్చాయి, పది ఒంటిగది బళ్ళు కలిపి ఒక పెద్ద బడి కట్టారు. ప్రయోగశాలలు వచ్చాయి, తరగతికో టీచరు వచ్చారు. ఊరికి మాత్రం చివరి సొంత సంస్థ పోయింది. నెబ్రాస్కా కథ చూడండి. ప్రాథమిక బడి మాత్రమే ఉన్న చిన్న డిస్ట్రిక్టులన్నీ 2006 జూన్ లోగా పెద్దవాటిలో కలవాలని 2005లో అక్కడ చట్టం చేశారు. గవర్నరు వీటో చేసినా లెక్కచెయ్యలేదు. 2006 నవంబరులో జనం ఓటేసి ఆ చట్టాన్ని రద్దు చేశారు. జూన్ అప్పటికే దాటిపోయింది. చట్టం పోయింది, డిస్ట్రిక్టులు తిరిగి రాలేదు.

చిన్నదైతే చాలు, జనానికి దగ్గరగా ఉంటుంది, మంచే జరుగుతుంది అనేవాళ్ళను సమ్మర్టన్ తీసుకెళ్ళాలి. 22వ నంబరు డిస్ట్రిక్టు బోర్డు అధ్యక్షుడు ఆర్.డబ్ల్యు. ఎలియట్ అనే కలప మిల్లు యజమాని. బోర్డు ఊళ్ళోదే, జనమూ ఊళ్ళోవాళ్ళే, అందరూ ఒకరికొకరు తెలుసు. 1949–50లో ఆ కౌంటీ తెల్ల పిల్లాడి చదువుకు 179 డాలర్లు పెడితే నల్ల పిల్లాడికి 43 డాలర్లు పెట్టింది. పియర్సన్ కేసు గీత దగ్గర ఆగిపోయాక, పాస్టరూ బడిపంతులూ అయిన జోసెఫ్ డిలేన్ ఇల్లిల్లూ తిరిగి కొత్త అర్జీ తయారు చేయించాడు. 1949 నవంబరు నాటికి వందకు పైగా సంతకాలు. ఈసారి సంతకం పెట్టినవాళ్ళు డిస్ట్రిక్టు లోపలివాళ్ళేనని ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు.

ఆ తర్వాత ఆ దగ్గరితనమే పగబట్టింది. అర్జీలో మొదటి పేరు హ్యారీ బ్రిగ్స్, పెట్రోలు బంకులో పనివాడు. ఉద్యోగం ఊడింది. మోటల్‌లో పనిచేసే ఆయన భార్య ఎలైజాదీ ఊడింది. పియర్సన్‌కు అప్పు పుట్టలేదు, కోత యంత్రం అద్దెకు దొరకలేదు, పంట చేలోనే కుళ్ళిపోయింది. డిలేన్ పంతులు ఉద్యోగం పోయింది, 1951లో ఇల్లు తగలబడింది. ఎక్కడో రాజధానిలో ఉన్న అధికారికి అర్జీదారుడికి విత్తనాల అప్పు ఎవరిచ్చారో తెలియదు. ఊరి బోర్డుకు తెలుసు.

కోర్టులో అడిగేది కూడా మారిపోయింది. బస్సు కాదు, తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ వేరు బడులే వద్దన్నారు. 1951లో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు కాదన్నారు, వేరింగ్ ఒక్కడు ఔనన్నాడు. వేరు బడులు చెల్లవంటూ, బ్రౌన్ కేసు పేరుతో మనం చదువుకున్న 1954 మే 17 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు అసలు ఐదు కేసుల మీద. వాటిలో మొదట దాఖలైంది బ్రిగ్స్ వర్సెస్ ఎలియట్. అవతలి పేరు ఓ పల్లెటూరి స్కూలు బోర్డు అధ్యక్షుడిది.

మన సంగతి. తాతల కాలంలో ‘బోర్డు హైస్కూలు’ అనేవాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 చట్టంతో నిలదొక్కుకున్న జిల్లా బోర్డులు నడిపిన బళ్ళు అవి. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక, ఆ ఏడాది అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ దాన్ని ప్రారంభించాక, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తులకు, కింది బళ్ళు సమితులకు వెళ్ళాయి. గేటు మీద ఇప్పటికీ ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అనే ఉంటుంది. టీచరు నియామకం, బదిలీ, జీతం రాష్ట్రం చేతిలో ఉన్నాయి. ఊరు పన్ను వెయ్యదు, పంతులును కుదుర్చుకోదు. అమెరికా పద్ధతి మనకు రావాలని నేననను, సమ్మర్టన్ చదివాక అసలే అనలేను. మన ఊళ్ళ పెత్తందార్ల చేతికి టీచర్ల ఉద్యోగాలు అప్పగిస్తే ఏ వాడ పిల్లలకు ఏ బెంచీ దక్కేదో ఊహించడం కష్టమేమీ కాదు. కానీ బిల్లుల జాబితా అందరి ముందూ చదివే ఆ నెలసరి సాయంత్రం ఉంది చూశారూ, అది మనం తెచ్చుకోవచ్చు. తెచ్చుకోవడమేమిటి, సగం ఉండనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడికి వచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయిందో చూసే పని చట్టం ఆ కమిటీకే అప్పగించింది. మీ పిల్లలు చదివే బడిలో ఆ కమిటీ సభ్యులు ఎవరో, తర్వాతి సమావేశం ఎప్పుడో వచ్చే సోమవారం హెడ్మాస్టరుగారిని అడగండి.