లిజ్జత్ పాపడ్

ముంబయి కేంద్రంగా అప్పడాలు తయారుచేసే మహిళల ఉమ్మడి యాజమాన్య సంస్థ. పూర్తి పేరు శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్. చిన్న వ్యాపారం పెరిగేకొద్దీ దాని నిర్వహణ అవసరాలు ఎలా మారతాయో తెలుసుకోవడానికి ఈ సంస్థ తొలినాళ్ల చరిత్ర చక్కగా ఉపకరిస్తుంది.

ఆరంభం: 1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లోని లోహాణా నివాస్ డాబా మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. వారిలో జశ్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ ఒకరు. సంఘసేవకుడు ఛగన్‌లాల్ కరమ్‌సీ పారేఖ్ అప్పిచ్చిన 80 రూపాయలే పెట్టుబడి. తొలిరోజు తయారైన నాలుగు పొట్లాలను తెలిసిన వర్తకుడికి అమ్మారు. పిండి కలపడం, ఒత్తడం, అమ్మడం అన్నీ వాళ్లే చూసుకునేవారు కాబట్టి వేరే యంత్రాంగం అక్కరలేకపోయింది. అయినా పద్దులు కచ్చితంగా రాయాలని, నాసిరకం సరుకు చేయవద్దని పారేఖ్ పట్టుబట్టారు. విరాళాలు తీసుకోకూడదని సభ్యులు నిర్ణయించుకున్నారు. అప్పడాలు ఎండక మొదటి ఏడు వానాకాలం నాలుగు నెలలూ పని ఆగిపోయింది. మరుసటి ఏడు ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు; మంచం మీద అప్పడాలు పరిచి, కింద పొయ్యి వెలిగించి ఆరబెట్టారు. మొదటి సంవత్సరం అమ్మకాలు 6,196 రూపాయలు.

విస్తరణ: మూడో ఏటికి సభ్యులు 300 దాటడంతో డాబా చాలలేదు. పిండిముద్దను ఇళ్లకు పంచి, ఒత్తిన అప్పడాలను తిరిగి తీసుకునే పద్ధతి అప్పుడే వచ్చింది. చోటు సమస్య తీరింది గాని, ఒకరి కళ్లెదుట మరొకరు చేసే పని కాస్తా ఎవరింట్లో వారు చేసే పనైంది. దాంతో పిండి తూచి ఇవ్వడం, అప్పడాలు తూచి, చూసి తీసుకోవడం, ఒత్తుడు కూలి లెక్కకట్టడం, ఇళ్ల శుభ్రతను పరిశీలించడం వంటివన్నీ విడివిడి పనులయ్యాయి. 1961లో మలాడ్‌లో పెట్టిన శాఖ నిలవలేదు. 1962లో సరుకుకు లిజ్జత్ అనే పేరు పెట్టారు. 1962–63లో అమ్మకాలు 1,82,000 రూపాయలకు చేరాయి.

చట్టబద్ధత: 1966లో సంస్థ 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది. యు.ఎన్. ఢేబర్ అధ్యక్షతన ఉన్న ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ అదే ఏడాది దీన్ని గుర్తించింది. దాంతో నిర్వహణ పెట్టుబడికి 8 లక్షల రూపాయలు, పన్ను రాయితీలు లభించాయి. పనిచేసే స్త్రీలే యజమానులన్న నియమం మాత్రం చెక్కుచెదరలేదు. ప్రతి శాఖకూ ఒక సంచాలిక, పైన 21 మంది సభ్యుల కార్యవర్గం ఉంటాయి. పురుషులు ఉద్యోగులుగా ఉండవచ్చు, సభ్యులు కాలేరు.

తరువాతి కాలం: 1968లో గుజరాత్‌లోని వాలోడ్‌లో శాఖ ఏర్పడింది. శాఖలు పెరిగాక ఊరూరా రుచి ఒకేలా ఉండేందుకు ముడిసరుకు కొనుగోలును కేంద్రీకరించి, సొంత పిండిమరలు పెట్టుకున్నారు. అప్పడాలతో పాటు చేపట్టిన ఇతర సరుకుల్లో మసాలాలు, బట్టల సబ్బు పొడి కలిసొచ్చాయి. తోలు వస్తువులు, అగ్గిపెట్టెలు, అగరువత్తులు కలిసిరాలేదు. జశ్వంతీబెన్‌కు 2021లో పద్మశ్రీ లభించింది.