కదలక కూర్చున్నవారు

మన ఇండ్లలో చాలవాటి ముందుగదిలో, గోడకు తగిలించి కొంచెము ముందుకు వాల్చిన పాత ఫోటో ఒకటి ఉంటుంది. తాతగారు కుర్చీలో కూర్చుండి, రెండు చేతులును మోకాళ్ల మీద ఆనించి ఉంటారు. మామ్మగారు ప్రక్కన నిలువబడి ఉంటారు. ఇద్దరి ముఖములలోను నవ్వు లేదు. ఎవరినో దండించబోతున్నట్లు ఎదుటికి చూస్తుంటారు. పిల్లలు ఆ పటమును చూచి నవ్వుకొంటారు. ఆ కాలపువారికి ఫోటో దిగడము చేతకాదని పెద్దలు కూడ అంటుంటారు. ఈ మాట సరికాదని మా అభిప్రాయము. ఫోటో దిగడము వారికి తెలిసినంతగా మనకు తెలియదు. ఆ పటములో సగము పని యంత్రముదైతే, తక్కిన సగము కూర్చున్నవారిది.

1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరములో డాగేర్ పద్ధతిని లోకమునకు వెల్లడించినారు. వెండిపూత గల రాగిరేకు మీద వెలుతురే బొమ్మ గీస్తుందన్న వార్త విని జనము ఆశ్చర్యపడినారు. అయితే ఆ వెలుతురు తన పనిని బహు నింపాదిగా చేసేది. అంతకు ముందు సంవత్సరము డాగేర్ తన ఇంటి పై అంతస్తునుండి ఒక పెద్దవీథిని చిత్రించినాడు. పట్టపగలు బండ్లును మనుష్యులును తిరుగుతున్న ఆ వీథి రేకు మీద నిర్మానుష్యముగా పడినది. కదిలినది ఏదియు నిలువలేదు. ఒక మూలను మాత్రము ఒక మనిషి కనబడుతున్నాడు. అతడు బూట్లకు పాలిష్ పట్టించుకొంటూ ఒక్కచోట నిలిచినాడు కాబట్టి దక్కినాడు. తనను ఎవరో చిత్రిస్తున్నారన్న సంగతి అతనికి తెలియనే తెలియదు. ఫోటోలో పడిన తొలి మానవులలో ఒకడైన ఆ మనిషి చేసిన సాయమంతయు కదలకపోవడమే.

తరువాత మంచి కటకములు వచ్చినవి. 1851లో ఆర్చర్ అనే ఆంగ్లేయుడు గాజుపలక మీద తడి మందు పూసే పద్ధతిని ప్రకటించినాడు. దానితో నిమిషముల పని సెకనులలోనికి దిగినది. అయినను ఆ కొన్ని సెకనులపాటు రెప్పవేయకుండ, తల ఊపకుండ ఉండడము సులభము కాదు. కావలెనంటే గడియారము ముందు పెట్టుకొని ప్రయత్నించి చూడవచ్చును. స్టూడియోలలో కూర్చున్నవారి తల వెనుక ఒక నిలువు కమ్మికి ఇనుపకొక్కెము బిగించి మెడను పట్టి ఉంచేవారు. పాత పటములలో నిలువబడినవారి పాదముల వెనుక ఆ కమ్మి అడుగుదిమ్మ కనబడడము కద్దు. చిత్తరువులో పెద్దమనుష్యులు పండ్లు కనబడ నవ్వరాదన్న మర్యాద కూడ ఉండేది గాని, మెడ వెనుక ఇనుము తగులుతున్నవాడు మర్యాద లేకున్నను నవ్వడు.

పసిపిల్లల విషయము మరింత కష్టము. ఇంగ్లండులో తల్లి ఒంటినిండ గుడ్డ కప్పుకొని కుర్చీవలె కూర్చుండి, ఒడిలో బిడ్డను పట్టుకొనేది. పటములో బిడ్డ ఉంటుంది. వెనుక ముసుగు ఉంటుంది. బిడ్డ ఫోటో కొరకు తన ముఖమును దాచుకొన్న ఆ తల్లులకంటె ఫోటోగ్రాఫరుకు ఎక్కువ తోడ్పడినవారు ఉండరేమో.

రంగుల సంగతి వేరు. ఆనాటి పలకకు నీలి వెలుతురు తప్ప తక్కినది దాదాపు కనబడేది కాదు. నీలి వస్త్రము తెల్లగా పడేది. ఎరుపు, పసుపు నల్లగా పడేవి. కాబట్టి ఏ రంగు కట్టుకొని రావలెనో స్టూడియోవారు ముందుగనే చెప్పేవారు. మన స్త్రీల అలంకారములో ముఖ్యమైనవి ఆ రెండు రంగులే కదా! పాత పటములలో మామ్మగారి నుదుట నల్లగా కనబడేది కాటుకబొట్టు కాకపోవచ్చును. అది కుంకుమయే కావచ్చును. పసుపు వ్రాసిన ముఖము ఉన్నదానికంటె నలుపుగా పడేది. 1873లో ఫోగెల్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు పలక మందులో కొన్ని రంగులు కలిపి ఈ లోపమును కొంత సవరించినాడు. ఎరుపును కూడ చూడగల పలకలు అంగడికి రావడమునకు ఇరువదవ శతాబ్దము రావలసి వచ్చినది.

ఓపికగా కూర్చుండుట ఒక ఎత్తు. తన రూపమును గూర్చి ఇతరుడు చెప్పిన మాట వినుట మరొక ఎత్తు. 1860 ఫిబ్రవరి 27వ తేదీన అబ్రహాం లింకన్ న్యూయార్కులో ఉపన్యాసమునకు వచ్చి, ఆ రోజే బ్రేడీ స్టూడియోకు వెళ్లినాడు. ఆయన పొడగరి, మెడ మరింత పొడుగు. కాలరును కొంచెము సవరించవచ్చునా అని బ్రేడీ అడుగగా, తన మెడను పొట్టి చేయదలచినట్లున్నారే అని నవ్వి, తానే కాలరును పైకి లాగుకొన్నాడట. ఆ సంవత్సరపు ఎన్నికలలో ఆ బొమ్మ అచ్చులో దేశమంతట తిరిగినది.

అమెరికాలోనే మరొకరు, ఫ్రెడరిక్ డగ్లస్, బానిసగా పుట్టి పారిపోయి వచ్చి మహావక్త అయినవాడు. ఆయన ఫోటోలు నూరుకు పైగా దొరికినవి. నీగ్రోలను పండ్లు ఇకిలించే విదూషకులుగా బొమ్మలు వేసే కాలమది. అందుచేత ఆయన కావలెననియే నవ్వక, కోటు చక్కగా తొడిగి, గంభీరముగా కూర్చునేవాడు. పటము దేనికొరకో తెలిసి కూర్చున్న మనిషి ఆయన. ఫోటోగ్రాఫరుకు ఇంతకంటె మేలైన సాయము లేదని మాకు తోస్తుంది. ఎందుకంటే పనివాడు వెలుతురును సరిచేయగలడు గాని, వచ్చినవారి మనస్సులోని ఉద్దేశమును ఊహించి తేలేడు.

ఇక మన హైదరాబాదుకు వత్తము. లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ ప్రాంతమునందలి సర్ధనాలో పుట్టినారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో మరామతు శాఖలో పనిచేస్తూ ఫోటో విద్య నేర్చినారు. 1880ల మధ్య ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమునకు వచ్చి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టినారు. 1894లో నిజాము ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చినారు. నవాబులు, దొరలు, సేనానులు వచ్చి ఆయన ముందు కూర్చున్నారు. కాని కోటల లోపలి స్త్రీల మాట ఏమి? ఘోషాలో ఉన్నవారు పరపురుషుని ఎదుట ముసుగు తీయరు. ఎంత గొప్ప చిత్రకారుడైనను ఆ తెర దగ్గర ఆగిపోవలసినదే.

దీన్‌దయాళ్ ఆ తెరను తొలగించుమని అడుగలేదు. 1892లో హైదరాబాదులో స్త్రీలకొరకే వేరుగా ఒక జనానా స్టూడియో తెరిచినారు. దాని చుట్టును ఎత్తైన గోడలు. లోపల పనిచేసేవారు స్త్రీలే. శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ దాని అధికారిణి. ఆ గోడలకును ఫోటో విద్యకును సంబంధమేమని అడుగవచ్చును. వెలుతురు, కటకము, మందు ఎంత అవసరమో, ఆ స్టూడియోకు గోడలు అంత అవసరము. లోపలికి వచ్చినవారు భయము లేక, తమ నగలతో, తమకు నచ్చిన భంగిమలో కూర్చుండగలిగినారు. ఇచ్చట సాయము రెండు వైపులనుండి నడచినది. స్త్రీలు తమ షరతు చెప్పినారు; దాని ప్రకారము ఏర్పాటు జరిగినది; జరిగిన పిమ్మట వారు నమ్మి వచ్చినారు. షరతు చెప్పక ఇంటిలోనే ఉండిపోయి ఉంటే బొమ్మయే లేదు. దీన్‌దయాళ్ 1905లో కన్నుమూసినారు. ఆయన గాజుపలకలలో 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో భద్రముగా ఉన్నవి.

ఈలోగా పొడి పలకలు వచ్చి సెకనులో చిన్న భాగము చాలునన్నవి. 1888లో కొడాక్ పెట్టె వచ్చి, బొత్తాము నొక్కితే చాలు, తక్కినది కంపెనీ చూచుకొంటుందన్నది. కొక్కెములు అటక ఎక్కినవి. కూర్చున్నవారి కష్టము పోయినది. దానితోపాటు, తమకును ఇందులో పని ఉన్నదన్న ఎరుక కూడ చాలవరకు పోయినది. ఇప్పుడు పెండ్లికి పిలిచిన ఫోటోగ్రాఫరుకు పెండ్లికూతురి అమ్మమ్మ ఎవరో చెప్పేవారు ఉండరు. అతడు వెలుగుదీపముల క్రింద వేయి బొమ్మలు తీస్తాడు. ఆమె వెనుక వరుసలో, ఎవరి భుజము చాటుననో, కన్ను మూసి ఉంటుంది. కొన్నాళ్లకు ఆమె పోయినపుడు దండ వేయడమునకు పటము కావలసి వస్తుంది. గుంపులోనుండి ఆ ముఖమును కత్తిరించి పెద్దది చేస్తారు. ముక్కు, కన్ను అలుకుకొనిపోయి ఉంటాయి. ఇటువంటి పటములు ఎన్ని ఇండ్లలో చూడలేదు!

ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందన్న భయము కొందరు ముసలివారికి ఉండేది. దానిని బలవంతముగా పోగొట్టనక్కరలేదు, నచ్చజెప్పవచ్చును. పెండ్లి సందడిలో కాక, వేరే ఒక ఉదయము, ఎండ ముదురకముందు వీథి అరుగు మీద వారికి అలవాటైన కుర్చీ వేయవలెను. ఏ చీర కట్టుకొంటారో వారినే అడుగవలెను. జరీ మెరిసే కొత్తదానికంటె, రోజూ కట్టే నేతచీరలోనే ఆమె ఆమెగా ఉండవచ్చును. కళ్లజోడు ఎప్పుడూ పెట్టుకొనేవారికి దానిని తీయించరాదు. అద్దము మీద వెలుగు పడితే ముఖమును కొంచెము ప్రక్కకు త్రిప్పమని ఫోటోగ్రాఫరే చెబుతాడు. ఏ చెవి వినబడదో అతనికి ముందే చెప్పవలెను. ఎదుట గుమిగూడి నవ్వమని అరిచేవారిని లోపలికి పంపి, ఆమెతో మాటలాడగల ఒక్కరు, చిన్న మనుమరాలైనను సరే, దగ్గర కూర్చుండవలెను. అచ్చు చేతికి వచ్చిన రోజుననే వెనుక ప్రక్క మెత్తని పెన్సిలుతో ఆమె పేరు, పుట్టిన ఊరు, సంవత్సరము వ్రాయించవలెను. ఆమె చేతనే వ్రాయించగలిగితే మరీ మంచిది.