రంగం వెళ్ళిన కోరంగీలు

యానాంకు దగ్గరలో ఉన్న కోరంగి పేరు మీరు వినే ఉంటారు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1839 తుపానుకు పాడైపోయి, మళ్ళీ మునుపటి స్థితికి రాలేదు. కాని దాని పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగు కూలీకి అదే పేరైంది.

రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాలనుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు వేలకొలది. ఊళ్ళో ప్రతివాడికీ ఒక ఇంటిపేరు, ఎక్కువో తక్కువో ఒక చోటు ఉండేవి. ఓడ దిగాక ఇంటిపేరు అడిగేవారు లేరు, అందరూ కోరంగీలే. ఓడ ఖర్చుకు మేస్త్రీ ఇచ్చిన బయానా కూలిలోంచి తీరాలి. అది తీరేదాకా మేస్త్రీ మాటే చెల్లుబాటు. రేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. ఇక్కడ అతడు రంగం సొమ్ము పంపే మనిషి. అక్కడ పేరులేని కూలీ.

1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వారి పనిలో బర్మీయులను పెట్టారు. సమ్మె ముగిసి మనవాళ్ళను తిరిగి తీసుకోగానే ఘర్షణ చెలరేగింది. పేదవాళ్ళు పేదవాళ్ళమీద పడ్డారు. ఎందరో తెలుగువాళ్ళు చనిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, మిగిలినవారిలో చాలామంది 1942లో కాలినడకన అడవులు దాటి తిరిగివచ్చారు.

శ్రోతలారా! ఈనాడు మన ఊళ్ళకూ పరాయి రాష్ట్రాలనుంచి కూలీలు వస్తున్నారు. వారిని మనం ఏ పేరుతో పిలుస్తున్నాం? ఒక్కసారి వారి ఇంటిపేరు అడిగి చూడండి.