వాట్‌గంజ్

కోల్‌కతా నగరంలో ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని ఉన్న పాతపేట. బెంగాల్ సైన్యపు ఇంజనీరు కల్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీద వెలిసింది. ఆయన ఇక్కడ నౌకల తయారీ కేంద్రం పెట్టి, 1781లో 'నాన్‌సచ్' అనే ఓడను జలప్రవేశం చేయించాడు. ఖిదిర్‌పూర్ డాక్ మాత్రం 1892లో మొదలైంది.

దగ్గరలోని భూకైలాస్ శివాలయాలు తప్పక చూడదగ్గవి. జయనారాయణ్ ఘోషాల్ 1781లో కట్టించిన ఈ జంట గుళ్లలోని నల్లరాతి లింగాలు మనిషి ఎత్తును మించి, చూపరులను తల పైకెత్తేలా చేస్తాయి.

హుగ్లీ ఒడ్డున ఉన్న సూరినామ్ ఘాట్ మరింత ముఖ్యమైనది. 1873లో 'లల్లా రూఖ్' ఓడలో ఒప్పంద కూలీలు కలకత్తా నుంచే సూరినామ్‌కు వెళ్లారు. వారి స్మారకంగా మూటతో నిలిచిన దంపతుల విగ్రహం ఇక్కడ ఉంది. మారిషస్‌కు 1834లో కూలీలతో 'అట్లాస్' ఓడ బయలుదేరినదీ కలకత్తా నుంచే. తర్వాతి కాలంలో మారిషస్ చేరిన కూలీలు దిగిన పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.