జింకలు ముట్టని పూలమొక్కలు

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో, ఊరి చివర కొత్తగా లేచిన కాలనీల్లో పూలతోట వేసేవాళ్లు నేల, ఎండ, నీళ్లతో పాటు తెల్లతోక జింకనూ లెక్కలోకి తీసుకోవాలి. అడ్డూఅదుపూ లేని వేట వల్ల 1900 నాటికి దేశం మొత్తం మీద ఈ జింకలు ఐదు లక్షలకు మించి మిగల్లేదని అంచనా. ఆ తర్వాత వేటకు చట్టాలు పగ్గం వేశాయి. తోడేళ్లు చాలాచోట్ల అప్పటికే కనుమరుగయ్యాయి. అడవి ముక్కల మధ్య లేచిన ఇళ్లూ పచ్చికబయళ్లూ జింకలకు మేతా నీడా రెండూ ఇచ్చాయి. ఇప్పుడు వాటి సంఖ్య మూడు కోట్ల దాకా ఉంటుందంటారు. న్యూజెర్సీలో తెలుగువాళ్లు పెరట్లో వేసుకునే చిక్కుడు పాదుకు కూడా గండం వీటితోనే.

తెల్లారేసరికి మొక్క మోడైతే ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి. కుందేలు కొరికితే కాడ కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగుతుంది. జింకకు పై దవడలో ముందు పళ్లు ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. అందుకే అది కాడను పట్టి లాగి తెంపుతుంది. తెగినచోట పీచులు పీచులుగా వేలాడుతుంటే, అదీ నడుము ఎత్తున ఉంటే, ఇక అనుమానం అక్కర్లేదు.

ఏ పువ్వు వదిలేస్తుందన్నది చూడాలంటే ట్యులిప్‌నూ డాఫొడిల్‌నూ ఒకే మడిలో వేస్తే చాలు. రెండూ శరదృతువులో గడ్డలు నాటి, వసంతంలో పూయించుకునేవే. ట్యులిప్ మొగ్గ రంగు తిరిగేలోపే జింక నోట్లో పడుతుంది. పక్కనే ఉన్న డాఫొడిల్ ఆకు కూడా చెక్కుచెదరదు. దాని గడ్డలోనూ ఆకులోనూ లైకోరిన్ అనే వాంతులు పుట్టించే ఆల్కలాయిడ్ ఉంటుంది. పైగా సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు నోటిని గుచ్చుతాయి. రోజంతా ఈ పూలు కోసి కట్టలు కట్టేవాళ్ల వేళ్లకు దురదా దద్దుర్లూ రావడం మామూలే. ఉడతలు కూడా ఈ గడ్డల జోలికి రావు.

విషాన్ని నమ్ముకున్న పూలలో ఫాక్స్‌గ్లోవ్‌ది పెద్ద పేరు. గుండె జబ్బుకు వాడే డిజిటాలిస్ దీని నుంచే వచ్చింది. దీని వైద్యం మీద విలియం విథరింగ్ 1785లోనే పుస్తకం రాశాడు. మన గన్నేరులో ఉన్నదీ ఆ తరహా విషమే. పశువులు ముట్టవనే హైవేల డివైడర్ల మీద గన్నేరును వరసగా నాటుతారు. టెక్సస్‌లో గన్నేరు బయట బాగానే పెరుగుతుంది కానీ న్యూజెర్సీ చలికి తట్టుకోదు. జింకకు చేదైనది చంటిపిల్లకూ పెంపుడు కుక్కకూ ప్రమాదమే కాబట్టి ఇలాంటి మొక్కల్ని ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి.

విషం లేకుండా పని జరిపించే మొక్కలే ఇళ్లకు మేలు. లావెండర్, రోజ్‌మేరీ, సాల్వియా, పుదీనా జాతులు ఆకుల్లోని ఘాటు నూనెలతోనే జింకను దూరం పెడతాయి. లాంబ్స్ ఇయర్ ఆకు నిండా దట్టమైన నూగు. నాలుకకు తగిలితే గొంగళి నమిలినట్టే ఉంటుంది.

అయితే విషం ఉన్నదల్లా జింక వదిలేస్తుందనుకుంటే పొరపాటే. యూ అనే పొద గుప్పెడు తింటే గుర్రాలూ ఆవులూ చచ్చిపోతాయి. అదే పొదను తెల్లతోక జింక చలికాలమంతా ఇష్టంగా మేస్తుంది. మనుషుల ఒంటి మీద బొబ్బలు లేపే పాయిజన్ ఐవీ కూడా దానికి మేతే. జింక కడుపులో ఆకును ముందుగా పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయి, లాలాజలంలో టానిన్లను కట్టేసే ప్రొటీన్లుంటాయి. కాబట్టి ఏ మొక్క సురక్షితమో మనిషి రుచిని బట్టో, ఆవును బట్టో తేల్చలేం.

అందుకే న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం మొక్కల్ని నాలుగు తరగతులుగా విడదీసి జాబితా తయారుచేసింది. మొదటిది ‘అరుదుగా దెబ్బతినేవి’, చివరిది ‘తరచూ తీవ్రంగా దెబ్బతినేవి’. డాఫొడిల్, లావెండర్ మొదటి తరగతిలో ఉన్నాయి. ట్యులిప్, నీడలో విశాలమైన ఆకులతో పెరిగే హోస్టా చివర ఉన్నాయి. అసలు ముట్టనివి అనే తరగతే అందులో లేదు. నర్సరీల్లో అట్టముక్క మీద ‘జింకలు తినవు’ అని రాసి అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. మంచు మేటవేసినప్పుడో, ఓక్ కాయలు సరిగా కాయని ఏడాదో ఆకలికి రుచి పట్టింపు ఉండదు. నర్సరీ నుంచి అప్పుడే తెచ్చిన మొక్క ఎరువూ నీళ్లూ తాగి లేతగా ఉంటుంది కనుక మొదటి వారాల్లో దానికే ముప్పు ఎక్కువ. జింక పిల్లలు కొత్త మొక్కనల్లా ఒకసారి పీకి రుచి చూసి, నచ్చకపోతే అక్కడే పారేస్తాయి. ఇక శరదృతువులో మగ జింకలు కొమ్ములు రుద్దడానికి లేత చెట్ల బెరడు లేపేస్తాయి. ఆ పనికి రుచితో సంబంధమే లేదు.

హోస్టా, గులాబీ, లిల్లీ కావాల్సిందే అనేవాళ్లకు నమ్మకమైన దారి ఎనిమిది అడుగుల కంచె. అంతకంటే తక్కువైతే జింక గెంతేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే మందులు కొంత పనిచేస్తాయి గానీ, వాన పడ్డాకా కొత్త ఆకు వేశాకా మళ్లీ చల్లుకోవాల్సిందే. కంచె లేని ముందు వాకిట్లోకి డాఫొడిల్సే సరి. నేల గడ్డకట్టకముందే ఆరంగుళాల లోతున నాటి, పూలు రాలాక ఆకులు పసుపెక్కే దాకా కొయ్యకుండా ఉంచితే గడ్డ బలం పుంజుకుని మరుసటి ఏడు మళ్లీ పూస్తుంది.