సాల్ మొలకకు మట్టిలో తోడెవరు?

తొలకరి వానలు పడగానే ఝార్‌గ్రామ్ చుట్టుపక్కల సాల్ అడవుల్లో చిన్న కర్రలతో నేల గీరుతూ జనం కనిపిస్తారు. కోల్‌కతాకు పశ్చిమాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని ప్రాంతమిది. వాళ్లు వెతికేది గోలీకాయంత ఉండే ఓ పుట్టగొడుగు. నమిలితే కరకరలాడుతుంది కాబట్టి బెంగాలీలో దాన్ని ‘కుర్‌కురే ఛాతు’ అంటారు. పక్కనున్న ఝార్ఖండ్‌లో ఇదే ‘రుగ్డా’. సంతల్లో మంచి ధర పలుకుతుంది. ముదిరితే మాత్రం పైతొక్క నక్షత్రంలా విచ్చుకుంటుంది, తినడానికి పనికిరాదు.

‘ఆస్ట్రేయస్’ ప్రజాతికి చెందిన ఈ శిలీంధ్రాన్ని మామూలు పుట్టగొడుగుల్లా వరిగడ్డి మీద పెంచడం కుదరదు. దానికి బతికున్న చెట్టు వేరు కావాలి. సాల్ చెట్టుకూ (తెలుగులో గుగ్గిలం చెట్టు) దాని అవసరం ఉంది.

ఏమిటీ బంధం?

జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ 1885లో దీనికి ‘మైకోరైజా’ అని పేరు పెట్టారు. గ్రీకులో శిలీంధ్రం, వేరు అనే రెండు మాటల కలయిక అది. నిజానికి ఆయనకు అప్పగించిన పని, ఖరీదైన ట్రఫుల్ పుట్టగొడుగులను సాగు చేసే మార్గం వెతకడం.

పశ్చిమ బెంగాల్ పశ్చిమ జిల్లాల్లో వానలు మరీ తక్కువేం కాదు. సమస్య నేలది. అక్కడి ఎర్రని లాటరైట్ మట్టిలో నీరు నిలవదు. ఉన్న కాస్త భాస్వరాన్నీ ఇనుము, అల్యూమినియం బిగించి పట్టుకుంటాయి. మొలక వేరు దొరికినంత పీల్చేశాక, దాని చుట్టూ భాస్వరం లేని వలయం ఏర్పడుతుంది. వేరు నూగు కంటే ఎంతో సన్నగా ఉండే శిలీంధ్రపు పోగులు ఆ వలయాన్ని దాటి, వేరు దూరలేని సందుల్లోకి వెళ్లి భాస్వరాన్నీ కొంత నీటినీ తెస్తాయి. బదులుగా చెట్టు తాను తయారుచేసుకున్న చక్కెరలో కొంత ఇస్తుంది. ఒక్కోసారి అది ఐదో వంతు వరకూ ఉండొచ్చు. చిన్న మొలకకు ఇది చిన్న ఖర్చేమీ కాదు.

సాల్ గింజకు గడువు కూడా తక్కువ. రాలిన వారం పది రోజుల్లో మొలకెత్తకపోతే చచ్చిపోతుంది. మొలిచినా ఎండాకాలంలో పైభాగం మాడిపోతుంది, మళ్లీ వేరు నుంచి చిగురిస్తుంది. ఇలా ఏళ్లు గడుస్తాయి. అన్నాళ్లూ వేరును నిలబెట్టడంలో శిలీంధ్రానిదీ ఓ పాత్ర.

మేదినీపూర్ దగ్గరి అరబారీలో 1972లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 గ్రామాల ప్రజలతో కలిసి 1,272 హెక్టార్ల పాడుబడ్డ సాల్ అడవికి కాపలా పెట్టించారు. మొడుల నుంచే అడవి తిరిగి లేచింది. ఈ ప్రయోగాన్ని ఉమ్మడి అటవీ యాజమాన్యం కథగానే చెబుతారు. అయితే మొడు కింద వేరు బతికుందంటే, దాన్ని అంటిపెట్టుకున్న శిలీంధ్రమూ బతికి ఉండే అవకాశం ఎక్కువ.

అది లేని చోట ఏమవుతుందో ప్యూర్టోరికో చూపించింది. అక్కడ నాటిన పైన్ మొక్కలు ఏళ్ల తరబడి గిడసబారి చచ్చిపోయేవి. 1950ల్లో అమెరికాలోని పైన్ అడవుల మట్టిని తెచ్చి కలిపాకే ఎదిగాయి.

అనంతపురంలో?

వేప, చింత, ఎర్రచందనం వంటి మన మెట్ట ప్రాంతపు చెట్లది వేరే రకం. వాటి శిలీంధ్రం పుట్టగొడుగు కాయదు, వేరు కణాల్లోకే చొచ్చుకెళ్లి కొమ్మల్లా చీలుతుంది. రైతులకు ‘వ్యామ్’ పేరుతో దొరికే జీవన ఎరువు ఇదే. దీన్ని కూడా బతికున్న వేళ్ల మీదే పెంచాలి కాబట్టి నాణ్యత ఒక్కో సంచికి ఒక్కోలా ఉంటుంది.

సంచి కొన్నంత మాత్రాన మొక్క బతుకుతుందన్న హామీ లేదు. నేలలో స్థానిక శిలీంధ్రాలు ఇప్పటికే ఉంటే అదనపు లాభం కనిపించకపోవచ్చు. నర్సరీలో సూపర్ ఫాస్ఫేట్ దట్టించినా అంతే. భాస్వరం చేతికందుతుంటే వేరు శిలీంధ్రాన్ని దగ్గరకు రానివ్వదు. పైపొర కోసుకుపోయిన నేలలు, గని తవ్విన దిబ్బల దగ్గర దీని అవసరం ఎక్కువ.

చెట్లు ఈ పోగుల ద్వారా పిల్ల మొక్కలకు ఆహారం పంపుతాయన్న ప్రచారానికి అడవుల్లో దొరికిన ఆధారాలు బలహీనమని 2023లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఓ సమీక్షలో తేల్చారు. వేరుకూ శిలీంధ్రానికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడంపై మాత్రం అలాంటి వివాదం లేదు.

డబ్బు పెట్టలేని నర్సరీలకు పాత పద్ధతి ఒకటుంది. అదే జాతి ఆరోగ్యమైన చెట్టు కింద, ఆకుల పొర తొలగించి, సన్నవేళ్లతో సహా కాస్త మట్టి తెచ్చి పాలిథిన్ సంచుల్లో కలపడం. దాంతోపాటు వేరుకుళ్లు కూడా రావచ్చు కాబట్టి, జబ్బు చేసిన చెట్టు జోలికి పోకూడదు.